అందరూ చూడవచ్చు

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు మగ్గాల మీదా ఒకటే రంగు నడిచింది. కనకాంబరం రంగు చీర, నెమలికంఠం అంచు. పొద్దున లేస్తే రాట్నం ముందు కూర్చుని ఆ పట్టునే కండెలకు చుట్టేదాన్ని. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి కళ్లు మూసుకున్నా రెప్పల వెనక అదే రంగు. ధర్మవరంలో మా వీధివాళ్లు దానికి ‘బాలప్ప కోడలి చీర’ అని పేరు పెట్టారు. బాలప్ప మా మామ. ఆ కోడల్ని నేను.

మొదటి చీర 2008 ఉగాదికి ముందు మగ్గం దిగింది. రంగులు ఎంచింది మా మామే. ఆయనకు మాటలు తక్కువ. మగ్గం మీదనుంచి చీర కోసి, రెండు చేతులతో ఎత్తి వెలుతురులో చూసుకుని, “బాగొచ్చిందమ్మా” అన్నాడంటే అది ఆయన నోట పెద్ద మాట. మాకు పడుగూ జరీ ఇచ్చేది షావుకారు ఓబుళప్ప. నేసిన చీర ఆయన అంగడికి పోతుంది, కూలి మాకొస్తుంది. ఆ రోజు చీర తీసుకుపోవడానికి ఆయన కొడుకు అమర్‌నాథ్ మోటారుసైకిలు మీద వచ్చాడు. బెంగళూరులో చదువు ముగించి అప్పుడప్పుడే అంగట్లో కూర్చుంటున్నాడు. మెడలో చిన్న కెమెరా.

చీర విప్పి చూసి మా అత్త వైపు తిరిగాడు.

“అనసూయమ్మా, దీన్ని మడతేసి ఫోటో తీస్తే ఏం తెలుస్తాది? కట్టుకుంటే గదా అందం. వదినను ఒగసారి కట్టుకోమను.”

“అమ్మే చీరప్పా. నలుగుతాది,” అన్నాను నేను.

“నేను చెప్తాండా గదా వదినా.”

“షావుకారు కొడుకు అంతగా అడుగుతాంటే నిలబడేదానికి నీకేమి పోయింది? పో, కట్టుకోపో,” అంది అత్త.

కట్టుకున్నాను. వెలుతురు బాగుందని వీధి గడప మీద నిలబెట్టాడు. “నా ముఖం రాకూడదప్పా,” అన్నాను. “చీర ఒగటే వదినా. అంచు, కొంగు. బయ్యర్లకి చూపిచ్చేదానికి,” అని కెమెరా కంటికి ఆనించుకున్నాడు.

నేను బిగుసుకుని నిలబడ్డాను. అప్పుడు మా ఆయన నాగభూషణ అమర్‌నాథ్ వెనకాల చేరి అతన్ని అనుకరించడం మొదలుపెట్టాడు. ఒక కన్ను మూసి, మూతి సున్నా చుట్టి, చేతుల్లో లేని కెమెరా పట్టుకుని వంగి, లేచి, మళ్లీ వంగి. ఆపుకోవాలని చూశాను. కుదర్లేదు. పళ్లన్నీ కనబడేలా నవ్వేశాను. మాకు పెళ్లై అప్పటికి రెండో ఏడు. ఇంట్లో అందరి ముందు మేము మాట్లాడుకునేది తక్కువ. మా నవ్వులన్నీ అట్లాంటి దొంగ నవ్వులే.

“అయిపాయ,” అన్నాడు అమర్‌నాథ్.

ఉగాది పోయి కొన్నాళ్లకు ఓబుళప్ప తానే ఆటోలో పడుగులు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఆయన మా గడప తొక్కడం అదే మొదటిసారి. “బాలప్పా, ఇట్లాంటివే నెయ్యి. ఇంగ వేరే రంగు ముట్టద్దు. పెండ్లిండ్లోళ్లు అదే అడుగుతాండారు,” అన్నాడు. ఏడాదిగా ఖాళీగా ఉన్న మా రెండో మగ్గం దుమ్ము దులిపారు. ఒకదాని మీద మామ, ఒకదాని మీద మా ఆయన. పొద్దున మొదలైన మగ్గం చప్పుడు సాయంత్రందాకా ఆగేది కాదు. అత్త ముఖం విచ్చుకుంది. శుక్రవారం నాడు తానే నా తలలో పూలు తురిమింది. “నీ కాలు మంచిదమ్మా,” అంది. ఆ చీరనే అందరూ ఎందుకు అడుగుతున్నారో మేమెవరం అడగలేదు. పని వచ్చిన ఇంట్లో ఎవరు అడుగుతారు?

చైత్రం చివర్లో ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు కారు ఆగింది. బెంగళూరునుంచి ఒక పెద్దావిడ, పెళ్లికూతురు కాబోయే ఆమె బిడ్డ. అంగట్లో చీర కొని, నేసే మగ్గం కూడా చూస్తామని వచ్చారట. నేను కండెలు చుడుతూ తలెత్తాను. ఆవిడ నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“నువ్వేనా! చూడే, ఈమెనే!”

సంచిలోంచి కాగితం తీసి నా ముఖం పక్కన పట్టుకుని పోల్చి చూసింది. నేను కాగితం అందుకున్నాను. గడపలో నేను. అంచు సగం, కొంగు సగం. ముఖం మాత్రం నిండుగా ఉంది. నవ్వు మొత్తం ఉంది. నాగభూషణ వైపు చూస్తున్న చూపు, ఆ కాగితంలో ఎవరు చూస్తే వాళ్ల వైపు చూస్తోంది.

“ఇది మీకెట్ల వచ్చిందమ్మా?”

“నెట్లో ఉంది గదమ్మా. ఆ అంగడి అబ్బాయి పేజీలో. అందరూ చూస్తున్నారు.”

ఫోటో కింద వరుసగా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఉన్నాయి. పెనుకొండలో ఇంటరుదాకా చదివాను, చదవగలను. ‘చీర రేటు తెలిసింది, పిల్ల రేటు చెప్పు బ్రదర్.’ దాని కింద ఇంకెవరో నవ్వు బొమ్మ పెట్టారు. దాని కింద నా నడుము గురించి ఒకడు రాశాడు. ఆ కింద ఇంకొకడు.

ఆవిడ నా ముఖం చూసి, “అవి చదవద్దులే, పోకిరీ వెధవలు రాస్తుంటారు,” అని కాగితం తీసుకుని మడిచింది. “మా అమ్మాయి పక్కన నిలబడమ్మా, ఒక్క ఫోటో.”

నేను లేచి వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. బయట అత్త వాళ్లకు సర్దిచెప్పే మాటలు వినబడ్డాయి. “సిగ్గుపడతాదమ్మా, చిన్నపిల్ల.”

సాయంత్రం పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న మా ఆయన దగ్గరికి పోయాను.

“నా ఫోటో నెట్లో పెట్టినారంట. నీకు తెల్సా?”

ఆయన చెంబు కింద పెట్టాడు. “తెల్సు.”

“ఎప్పట్నుంచి?”

“పడుగు పోగులు అచ్చుకు కట్టే షెడ్డులో మావోళ్లు సెల్లులో చూపిచ్చినారు. పది మందిలో. కింద రాసినేటివి చదివి నవ్వినారు.” నా వైపు చూడకుండా అడిగాడు. “అట్ల నవ్వితివేమే ఫోటోలో?”

“నువ్వు నవ్వించినావు గదా.”

“నేను నవ్విస్తే మాత్రం... అట్లనా?”

జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఆ కొన్ని రోజులుగా ఆయన ముభావంగా ఉండడం పని ఎక్కువయ్యి అనుకున్నాను. కాదని అప్పుడు తెలిసింది. దొంగ నవ్వులు ఆ రోజుతో ఆగిపోయాయి.

మా నాయనకు కంటి ఆపరేషను ఉందని పెనుకొండ పోయినప్పుడు, హిందూపురంలో ఉన్న షబీనాకు ఫోను చేశాను. షబీనా, నేను పెనుకొండలో ఒకటే బెంచీ. ఇప్పుడు వాళ్లన్న ఫయాజ్ హిందూపురం బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతుంటే పగటిపూట తాను కూర్చుంటోంది. “రావే, కండ్లారా చూసుకుందువు,” అంది. ప్యాసింజరెక్కి పోయాను. ప్లైవుడ్డు అరలు, అరకొక కంప్యూటరు, నెత్తిన గిరగిరా తిరిగే ఫ్యాను. నన్ను చివరి అరలో కూర్చోబెట్టి తలుపుకు కర్ర అడ్డం వేసింది.

ఆ సైటు ఇప్పుడు లేదు. ఎప్పుడో మూసేశారు. అప్పుడు మాత్రం కాలేజీ పిల్లలంతా దాంట్లోనే ఉండేవాళ్లు. అమర్‌నాథ్ పేజీలో చీరల ఆల్బం ఉంది. అందులో మొదటి బొమ్మ నేనే. కింద రాసిన మాటలు బెంగళూరావిడ కాగితంలో ఉన్నవాటికంటే చాలా పెరిగాయి. కిందికి జరుపుతున్న షబీనా చెయ్యి ఆగిపోయింది.

“వద్దులేవే.”

“జరుపు. చూడనీ.”

చూశాను. చూసి, “దీన్ని ఎవరెవరు చూడొచ్చు?” అని అడిగాను.

“ఈడ సెట్టింగ్ ఉంటాది. ‘స్నేహితులు మాత్రమే’ అని పెట్టుకోవచ్చు, ‘అందరూ’ అని పెట్టుకోవచ్చు. ఆయప్ప ‘అందరూ’ అని పెట్టినాడు.”

“నేను మార్చొచ్చునా?”

“ఆల్బం ఆయప్పది. మార్చాలంటే ఆయప్పే మార్చల్ల.”

“ముఖం నాది గదే?”

షబీనా కుర్చీ నా వైపు జరుపుకుంది. “ఇంగోటి ఉండాది సుచీ. దాని గురించే నీకు ఫోను చేద్దామా వద్దా అని ఉండినా,” అని ఇంకో పేజీ తెరిచింది.

పేరు స్వీటీ. ఊరు బెంగళూరు. ముఖం నాది. గడపనూ చీరనూ కత్తిరించి నవ్వును మాత్రం ఉంచుకున్నారు. ఆ స్వీటీకి వందల మంది స్నేహితులు. మగవాళ్లు. వాళ్లతో నేను మాట్లాడుతున్నాను. ‘తిన్నావా బంగారం’ అని నేను అడిగాను. ‘ఈరోజు తలనొప్పిగా ఉంది’ అని నేను చెప్పుకున్నాను. ‘నా సెల్లులో బ్యాలెన్సు లేదు, రీచార్జి చేయించవా’ అని నేను బతిమాలాను. ఎవడో మగవాడే అయ్యుంటాడని షబీనా అంది. ఎక్కడివాడో తెలియదు.

“తీసేయమని చెప్పేదానికి దారి ల్యాదా?”

“ఒగ బటన్ ఉండాది. దాన్ని నొక్కాలన్నా నీకు ఈ సైట్లో ఖాతా ఉండల్ల. నేను నా ఖాతానుంచి నొక్కినా. జవాబు రాలేదు.”

బయటికి వస్తే బస్టాండులో జనం. ప్రతి మగవాడి చేతిలోనూ సెల్లు. కొంగు తలమీదికి లాక్కుని స్టేషనుకు నడిచాను. రైల్లో ఎదురుగా కూర్చున్నతను ఊరికే చూశాడో, గుర్తుపట్టి చూశాడో తెలియక, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ధర్మవరం వచ్చాక చీరలు అప్పజెప్పడానికి మామ పోతుంటే నేనూ వస్తానన్నాను. మామ నా వైపు ఒకసారి చూసి, చీరల మూటలో సగం నా చేతికిచ్చాడు. అంగట్లో ఓబుళప్ప గల్లా దగ్గర, అమర్‌నాథ్ పక్కనే కంప్యూటరు ముందు.

“అమర్‌నాథ్, నా ఫోటో తీసెయ్యప్పా,” అన్నాను.

“ఏ ఫోటో వదినా?”

“నీకు తెల్సు.”

అతను నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. “అదేంది వదినా, నిన్ను అడిగే గదా తీసినా? నువ్వు కట్టుకుంటివి, నిలబడితివి, నవ్వితివి. వద్దంటే నేను తీసేవాణ్ణా?”

“ముఖం రాకూడదన్నా. బయ్యర్లకన్నావు.”

“అందరూ బయ్యర్లే వదినా ఇప్పుడు. నెట్లో ఎవురు యాడ కొంటారో ఎవురికి తెల్సు?”

“కింద ఏమేమి రాసినారో చదివినావా?”

“వాటిని పట్టించుకుంటే యాపారం జరుగుతాదా?”

“పోనీ, అందరికీ కనపడకుండా పెట్టు. నీ స్నేహితులకు మాత్రం.”

“సెట్టింగ్ మారిస్తే ఇంగ ఎవురు చూస్తారు?” అన్నాడు. సెట్టింగ్ గురించి నాకు తెలిసినందుకు కాస్త ఆశ్చర్యపోయాడు కూడా.

ఓబుళప్ప అంతవరకు తలెత్తలేదు. అప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మామతో అన్నాడు. “బాలప్పా, లింగప్ప ఇంట్లో కూడా రెండు మగ్గాలు ఖాళీగా ఉండాయంట. నాలుగు రోజుల్నుంచి తిరుగుతాండాడు పడుగు కోసరం. నేనేమో నీకే ఇయ్యల్లని పట్టుబట్టి కూర్చున్నా.”

అంతే అన్నాడు. మామ చీరలు లెక్క అప్పజెప్పి, కొత్త జరీ తీసుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే. ఇంటి మలుపులో మామ ఆగి, “ఈ పడుగులు ముగియనీ తల్లీ,” అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం నాకు వినబడింది. అంత పెద్దవాడు నన్ను బతిమాలుతుంటే ఏమనగలను?

ఇంట్లో అత్త మాత్రం గట్టిగానే అంది. “దొంగతనం చేసినామా, రంకు చేసినామా? దేవుడిచ్చిన ముఖం, నలుగురు చూస్తే అరిగిపోతాదా? రెండు మగ్గాలు ఆడతాండాయి. కండ్లు మూసుకో కొన్నాళ్లు.”

మా ఆయన ఒక్కటే చెప్పాడు. బయటికి పోవద్దన్నాడు. పూలకొట్టుకు, కూరగాయలకు అత్త పోయేది. వీధి తలుపు పగలంతా దగ్గరికి వేసి ఉండేది. తలుపు మూస్తే ఇంట్లో వెలుతురు తగ్గుతుందని మగ్గం మీద బల్బు వేసుకున్నారు. నేను రాట్నం తిప్పుతూ కనకాంబరం దారం చుట్టేదాన్ని. బయట ఎక్కడెక్కడో వందల మందితో నేను నవ్వుతూ మాట్లాడుతున్నాను. ఇక్కడ ఇంట్లో మాట్లాడేందుకు మనిషి లేడు. నా ఫోటో చూసి చీరలు అడిగేవాళ్ల కోసం నేనే దారం చుడుతున్నానన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి ఆగేది. “ఏమ్మా, కండె?” అని మగ్గం మీదనుంచి కేక వచ్చేది. మళ్లీ తిప్పేదాన్ని.

వైశాఖంలో ఎండ పేలుతున్న ఒక పూట ఎవరో తలుపు తట్టారు. అత్త తీసింది. ముప్పై ఏళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పొట్లం, చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. నల్లచెరువునుంచి వచ్చానని, ఎరువుల అంగట్లో పని చేస్తానని చెప్పాడు. “స్వీటీ గారిల్లు ఇదేనా అమ్మా?” అన్నాడు.

“ఏ స్వీటీ?”

“చీరల ఫోటోల్లో ఆమె ముఖం చూసి అంగడి పట్టుకున్నానమ్మా. అంగట్లో వాళ్లు ఈ ఇల్లు చూపించారు.”

మగ్గాలు రెండూ ఆగాయి. ఎదురింటి రామక్క గడపలోకి వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. నా చేతిలో కండె అట్లాగే ఉంది. ఇంట్లో అందరూ నా వైపు చూస్తున్నారు. దాక్కుంటే ఇక జన్మంతా దాక్కోవాల్సిందేనని తోచింది. లేచి వీధి గడపలోకి పోయాను.

నన్ను చూడగానే ఆ మనిషి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు భయం వేసింది, ఆ తర్వాత జాలి వేసింది.

“అన్నా, ఫోటో నాదే. నీతో మాట్లాడింది నేను గాదు,” అన్నాను.

“నెల రోజులుగా మాట్లాడినామండీ,” అన్నాడు.

“నాకు సెల్లే ల్యాదన్నా. నేను ఈ ఇంటి కోడల్ని. నా ఫోటో నన్ను అడక్కుండా పెట్టినారు. ఇంగెవురో దొంగిలించి నిన్ను మోసం చేసినారు.”

నా మెడలో తాళి వైపు చూశాడు. నా వెనక నిలబడ్డ మా ఆయన వైపు చూశాడు. మిఠాయి పొట్లం ఎక్కడ పెట్టాలో తెలియక చేతులు మార్చుకున్నాడు. “మా అమ్మకు కూడా మీ ఫోటో చూపించానండీ,” అన్నాడు మెల్లగా. నేను లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను. నిలబడే గడగడా తాగాడు. “క్షమించండమ్మా,” అని ఎండలోకి నడిచిపోయాడు. రామక్క ఆయన పోయినంత దూరమూ చూసి, ఆ తర్వాత నన్ను చూసింది.

ఆ సాయంత్రమే నన్ను పెనుకొండ పంపాలని ఇంట్లో అనుకున్నారు. అత్త, “వీధి చల్లబడేవరకు,” అంది. ఎప్పుడు తీసుకొస్తారో చెప్పలేదు. మా ఆయన సంచి మోసి రైలెక్కించాడు. బండి కదిలేటప్పుడు కిటికీ ఊచ మీదినుంచి చెయ్యి తీసేశాడు.

పెనుకొండలో అమ్మ ఏడ్చింది. నాయన కంటికి ఇంకా నల్లద్దాలు ఉన్నాయి. వాటిలోంచి నా వైపు తిరిగి, “నువ్వేమన్నా తప్పు చేసినావామ్మా?” అని ఒకే మాట అడిగాడు. “ల్యాదు నాయనా,” అన్నాను. “అయితే కూడు తిను,” అన్నాడు.

మూడో రోజు హిందూపురం పోయాను. షబీనాతో చెప్పాను, నాకు ఖాతా తెరువు అని.

పేరు అడిగింది ఆ కంప్యూటరు. పుట్టిన రోజు అడిగింది. ఊరు అడిగింది. తర్వాత కిందికి కిందికి పోయే పొడుగాటి షరతుల పాఠం, దాని చివర ‘నాకు సమ్మతమే’ అనే బటన్.

“నొక్కు,” అంది షబీనా.

“ముందు చదవల్ల.”

“ఎవురూ చదవరు సుచీ.”

“ఏముందో తెలియకుండా సమ్మతమని ఎట్ల చెప్పేది?”

పక్క అరలో కీబోర్డు బాగు చేస్తున్న ఫయాజ్ పెద్దగా నవ్వాడు. “చదవనీలేమ్మా. ఈ సెంటర్ పెట్టినాక దాన్ని చదివే మొదటి మనిషి ఈమెనే. దుడ్లు కూడా తీసుకోను ఈపొద్దు.”

సగం అర్థమైంది, సగం కాలేదు. కాని చోట షబీనా చెప్పింది, ఆమెకూ తెలియని చోట ఇద్దరం వాదించుకున్నాం. మనం పెట్టే బొమ్మలు వాళ్లు వాడుకోవచ్చన్న మాట ఒక చోట ఉంది. “అయితే బొమ్మ పెట్టను,” అన్నాను. నా పేజీలో ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు నీడ బొమ్మ మిగిలింది. చివరికి బటన్ నొక్కాను. ఎవరు చూడవచ్చు అని అడిగిన చోట షబీనా ‘స్నేహితులు మాత్రమే’ మీద బాణం పెట్టి నా వైపు చూసింది. నేను మౌస్ తీసుకుని ‘అందరూ’ మీద నొక్కాను.

“ఏమే, పిచ్చా?”

“ఇది నేను చెప్తాండా గదా. చూడనీ.”

అమర్‌నాథ్ ఆల్బంలో నా ఫోటో కింద, ఆ మాటలన్నిటి కిందా, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ రాశాను. ‘ఈ ఫోటోలో ఉండేది నేను. నా పేరు సుచిత్ర. ఈ చీర నేసింది మా మామ బాలప్ప. నా ముఖం రాకూడదని చెప్పినాను. నన్ను అడక్కుండా ఈడ పెట్టినారు. నేను నవ్వింది మా ఆయన్ను చూసి, మిమ్మల్ని చూసి కాదు. ఈ ఫోటో తీసేయండి.’

మర్నాడు షబీనా ఫోను చేసింది. అమర్‌నాథ్ నా మాటలు తుడిచేశాడు. ఆల్బం అతనిది కాబట్టి తుడవచ్చు. మళ్లీ పోయి రాశాను. మళ్లీ తుడిచాడు. ప్యాసింజరులో రోజూ వచ్చిపోయే ఆడవాళ్లు నాకు సీటు పట్టి ఉంచడం మొదలుపెట్టారు, ఏదో ఉద్యోగం అనుకున్నారు. మళ్లీ రాశాను. ఒక రోజు నా మాటల కింద ఇంకెవరో రాసి ఉంది. బెంగళూరావిడ. ‘ఈమె చెప్పేది నిజం. నేను ఆ ఇంటికి పోయాను. ఈమె తలుపు వేసుకుంది, నాకు అప్పుడు అర్థం కాలేదు. నా చీర వెనక్కి పంపుతున్నాను.’ ఆ కింద ఇంకో ఆడపేరు. ‘తీసేయండి.’ ఇంకో పేరు. అదే మాట. వాళ్లెవరో నాకు తెలియదు, వాళ్లలో చాలామందికి నా లాగే బూడిదరంగు నీడ బొమ్మే ఉంది.

ఆ వారంలోనే ఫోటో మాయమైంది. ఆల్బం కూడా.

స్వీటీ మాత్రం పోలేదు. ఆ బటన్ ఎన్నిసార్లు నొక్కానో. ఏ జవాబూ రాలేదు. సైటు మూతపడేవరకు ఆమె అక్కడ నవ్వుతూనే ఉందని షబీనా తర్వాత చెప్పింది. నా ముఖాన్ని నేను పూర్తిగా ఎప్పటికీ వెనక్కి తెచ్చుకోలేకపోయాను. ఆ సంగతితోనే బతకడం నేర్చుకున్నాను.

ఓబుళప్ప మాకు పడుగు ఆపేశాడు. ఆ కబురు నాయనకు ఎవరో బజారులో చెప్పారు. మామ, ఆయన పాటికి ఆయన, వేరే షావుకారు చౌడేశ్వరమ్మ దగ్గరికి పోయి తక్కువ కూలికి పని ఒప్పుకున్నాడట. రెండో మగ్గం మళ్లీ ఆగిపోయింది. అత్త వీధిలో కూర్చుని ఏమేమి అందో కూడా నాకు చెప్పారు. విన్నాను. ఆమె దుఃఖం నిజమే. మగ్గం నా మూలాన ఆగిందన్నదీ కొంత నిజమే.

తొలకరి పడిన మర్నాడు మా ఆయన పెనుకొండ వచ్చాడు. తడిసిన చెప్పులు బయట విడిచి అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ కాఫీ ఇచ్చి లోపలికి పోయింది. చాలాసేపు లోటా చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

“మా నాయన కొత్త పడుగు ఎక్కించినాడు. ఆకుపచ్చ,” అన్నాడు.

“ఊ.”

“మా అమ్మ నిన్ను పిల్చకరమ్మనింది. కండెలు చుట్టేవాళ్లు ల్యారు.”

“దానికా వచ్చినావు?”

“కాదు.” లోటా కింద పెట్టాడు. “నువ్వు రాసింది చదివినా. షెడ్డులో వాళ్లే చూపిచ్చినారు. ఈసారి ఎవురూ నవ్వలేదు.”

వాన నీళ్లు చూరునుంచి కారుతున్నాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు. “ఆపొద్దు పెరట్లో నిన్ను అట్ల అడిగుండకూడదు నేను.”

ఆయన నా వైపు చూశాడు. పెళ్లిచూపుల్లో మా నాయనను అడిగారు, నన్ను కాదు. సంచి సర్దమన్నప్పుడు సర్దాను, రైలెక్కమన్నప్పుడు ఎక్కాను. ఆయన అప్పుడు నన్ను అడిగాడు.

“వస్తావా?”

“ఆలోచన చేసి చెప్తా.”

“ఎప్పుడు చెప్తావు?”

“ఆలోచన అయినాక.”

కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. “సరే,” అని లేచాడు. చెప్పులు తొడుక్కుని, తల మీద తువ్వాలు కప్పుకుని, సందు మలుపుదాకా పోయి ఒకసారి ఆగాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. స్టేషను వైపు పోయాడు.

తర్వాతి వారం ఒక పొద్దున నేనే సంచి సర్దుకున్నాను. స్టేషనులో కిటికీ దగ్గర నిలబడి ధర్మవరానికి ఒక టిక్కెట్టు అడిగాను. వస్తున్నానని ఎవరికీ ఫోను చేయలేదు.